సమాధానం: ఆడిట్ రిపోర్టులో ఏవి బయటపెట్టాలి?

దాతలు లెక్కలు అడుగుతున్నారని, ఆడిట్ రిపోర్టు మొత్తం వెబ్‌సైట్‌లో పెడితే చిక్కులొస్తాయని మీ సేవా సంస్థ కమిటీ భయపడుతోందని రాశారు. రిపోర్టు మొత్తం పెట్టండి. పాన్, బ్యాంకు ఖాతా నంబర్లు, దాతల ఫోన్ నంబర్లు, పిల్లల పేర్లు మాత్రం తీసేయండి. ఆ వివరాలపై పీడీఎఫ్‌లో నల్లగీత గీస్తే సరిపోదు, కింది అక్షరాలు కాపీ అవుతాయి. నల్లబరిచిన పేజీని ప్రింట్ తీసి, మళ్లీ స్కాన్ చేయండి.

జనం ముందు చూసేది జమాఖర్చుల పట్టిక. పోయినేడు ముగింపు నిల్వ, ఈ ఏడు ప్రారంభ నిల్వ ఒకటే కావాలి. అవి కలవకపోతే అనుమానం అక్కడే మొదలవుతుంది. ఒక పనికని ఇచ్చిన విరాళంలో ఖర్చుకాకుండా మిగిలినది విడిగా చూపండి.

అన్నిటికన్నా ముఖ్యం, కమిటీ సభ్యులకూ వారి బంధువులకూ చేసిన చెల్లింపులు. జీతమైనా, అద్దె అయినా పేరు, మొత్తం, కారణం మీరే రాయండి. ఆ చెల్లింపును ఆమోదించిన తీర్మానంలో సంబంధిత సభ్యుడు ఓటు వేయలేదని మినిట్స్‌లో (సమావేశపు రాతల్లో) ఉండాలి. ఇది దాచి, తర్వాత బయటపడితే మిగతా లెక్కలు ఎంత సరిగ్గా ఉన్నా ఎవరూ నమ్మరు.

మీకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద వచ్చిన నిధులుంటే వాటి ఆడిట్ లెక్కలు ఆర్థిక సంవత్సరం ముగిసిన 9 నెలల్లోపు, అంటే డిసెంబరు 31లోగా వెబ్‌సైట్‌లో పెట్టడం తప్పనిసరి.