ఒకే లాట్‌లో కొన్ని మెరుస్తూ, కొన్ని మసకగా వచ్చాయంటే ముందు బార్ చూడండి

304 స్టెయిన్‌లెస్ స్టీల్ బార్ నుంచి లేత్ మీద తిప్పిన ఫిట్టింగ్స్ పాసివేషన్‌కి (తుప్పు పట్టకుండా యాసిడ్‌లో ముంచే పనికి) పంపితే సగం మెరుస్తూ, సగం సున్నం పూసినట్టు మసకగా తిరిగొచ్చాయి, యాసిడ్ బాగాలేదా అని ఒకరు అడిగారు. వెండర్‌తో గొడవకి దిగే ముందు మెటీరియల్ చూసుకోండి. ఇదే విషయంలో నేను ఒక మంచి ప్లేటింగ్ షాపు ఆయన్ని అనవసరంగా మాటలన్నాను. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అప్పుడు బాలానగర్‌లో ఒక మెషిన్ షాపులో క్వాలిటీ చూసేవాణ్ణి. మసక ముక్కని భూతద్దం కింద పెడితే బార్ పొడవు వెంట సూదితో గుచ్చినట్టు సన్నని గుంటలు వరసగా కనిపించాయి. మెరిసే ముక్క మీద టూల్ గీతలు తప్ప ఏమీ లేవు. మా లేత్ ఆపరేటర్ రెండూ చేతిలోకి తీసుకుని, "సార్, ఆ రోజు పొద్దున చిప్ (కోస్తుంటే ఊడే లోహపు తురుము) తీగలా చుట్టుకుంది, మధ్యాహ్నం బార్ మార్చాక ముక్కలు ముక్కలుగా తెగి పడింది" అన్నాడు. స్టోర్స్‌లో 304 బార్లలో 303 అనే వేరే గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీల్ కలిసిపోయింది!

303 తేలిగ్గా కోతకి రావాలని, చిప్ తెగి పడాలని అందులో సల్ఫర్ కనీసం 0.15 శాతం ఉంచుతారు. 304లో అది 0.03 శాతం దాటకూడదు. ఆ సల్ఫర్ మాంగనీస్‌తో కలిసి బార్ పొడవునా పోగుల్లా సాగి ఉంటుంది. యాసిడ్ ఆ పోగుల్ని కరిగించేస్తే మిగిలిన ఖాళీలే మనకి మసకగా కనిపిస్తాయి. అయస్కాంతంతో తేడా పట్టలేరు, రెండు గ్రేడ్‌లూ దాదాపు అంటవు. మెరిసేది ఒకటి, మసకది ఒకటి స్పెక్ట్రో టెస్ట్‌కి (లోహంలో ఏ మూలకం ఎంత ఉందో చెప్పే పరీక్షకి) ఇచ్చి సల్ఫర్ అంకె చూడండి.

303కి నైట్రిక్ యాసిడ్‌లో సోడియం డైక్రోమేట్ కలిపిన బాత్ (ముంచే ద్రావణం) నయం. ముందూ తర్వాతా 5 శాతం కాస్టిక్ సోడా వేడి ద్రావణంలో అరగంట ఉంచితే గుంటల్లో దాక్కున్న యాసిడ్ చచ్చిపోతుంది, తర్వాత మరకలు రావు. డైక్రోమేట్ మాత్రం విషం. వాడిన నీళ్లని సరిగ్గా శుద్ధి చేసే షాపుకే ఇవ్వండి.

మసక కాకుండా బూడిద రంగులోనో నల్లగానో తినేసినట్టు ఉంటే అది వేరే జబ్బు, ఎక్కువగా బాత్‌లో క్లోరైడ్ చేరడం. బోరు నీళ్లు వాడుతున్నారేమో అడగండి, డీఎం వాటర్ (లవణాలు తీసేసిన నీళ్లు) పెట్టమనండి. కూలెంట్ నూనె సరిగ్గా కడగకపోయినా మచ్చలు పడతాయి.

మసకబారినవాటిని మెరుపు కోసం మళ్లీ యాసిడ్‌లో ముంచకండి, ఇంకా తింటుంది. పాసివేషన్ పొర కొన్ని నానోమీటర్లే, దానితో మెరుపు రాదు. బఫింగ్ (గుడ్డ చక్రంతో రుద్ది పాలిష్) చేస్తే మెరుస్తాయి కానీ థ్రెడ్, సీలింగ్ ఫేస్ దగ్గర సైజు పోతుంది.

303 అని తేలితే కస్టమర్‌కి దాచకుండా చెప్పేయండి. తుప్పుని తట్టుకోవడంలో అది 304 కంటే తక్కువ, వెల్డింగ్‌కి కూడా పనికిరాదు. ఆ ఫిట్టింగ్‌ని ఎక్కడ బిగిస్తారో వాళ్లకే తెలుసు.