సీరియస్ సూపర్‌హీరో సినిమా నచ్చకపోతే మనకు అర్థం కానట్టేనా?

మీరు ‘ది బ్యాట్‌మ్యాన్’ ఈమధ్యే ఇంట్లో చూశానన్నారు. అంతా చీకటి, కథ నెమ్మది, నవ్వించే ముక్క ఒక్కటీ లేదు, సగానికే విసుగొచ్చింది అన్నారు. మీ ఫ్రెండ్సేమో క్లాసిక్ అంటున్నారు, "నీకు అర్థం కాలేదులే" అని తీసిపారేస్తున్నారు. లోపం మీలో ఉందా సినిమాలో ఉందా, ఇలాంటి సినిమా వచ్చినప్పుడల్లా ఫ్యాన్స్ ఎందుకిలా కొట్టుకుంటారు అన్నది మీ ప్రశ్న.

నాకు ఈ సినిమా అంటే ప్రాణం. అయినా ముందే చెప్తున్నా, "నీకు అర్థం కాలేదు" అనే మాట అన్యాయం. నచ్చనివాళ్ళలో చాలామందికి సినిమా శుభ్రంగా అర్థమవుతుంది. అర్థమయ్యే నచ్చదు. బెంగళూరులో మావాళ్ళ మధ్య కూర్చుని చూశాక నాకు గట్టిగా కలిగిన అభిప్రాయమిది.

మేం ఉండేది మారతహళ్లిలో. కర్నూలు, నెల్లూరు, గుంటూరు, ఫ్లాట్‌లో అందరం తెలుగువాళ్ళమే. ఆ సినిమా 2022 మార్చి 4, శుక్రవారం రిలీజైంది. అంతకు ముందు శుక్రవారమే ‘భీమ్లా నాయక్’ వచ్చింది. ఇక్కడ తులసి థియేటర్ దగ్గర తెలుగు సినిమా మొదటిరోజు హడావుడి ఎలా ఉంటుందో ఈ ఏరియావాళ్ళకి చెప్పక్కర్లేదు. హీరో ఎంట్రీకి కాగితాలు ఎగరేసి, గొంతు పోయేదాకా అరిచి, ఆ ఊపు దిగకముందే ఈ ఇంగ్లిష్ సినిమాకి వెళ్ళాం.

నిజానికి ఇందులో హీరో ఎంట్రీ మన మాస్ ఎంట్రీలకి ఏమాత్రం తీసిపోదు. రైల్వే ప్లాట్‌ఫాం. ముఖాలకి రంగు పూసుకున్న గుంపొకటి ఒంటరిగా దొరికిన మనిషిని చుట్టుముడుతుంది. అవతల కటిక చీకటి. అందులోంచి బూట్ల చప్పుడు. ఒక్కో అడుగే, బరువుగా, ఏ తొందరా లేకుండా. చప్పుడు దగ్గరవుతున్నా మనిషి కనబడడు. మా వరసే కాదు, వెనక కూర్చున్న కన్నడ కుర్రాళ్ళు కూడా విజిల్స్ అందుకున్నారు. ఆ తర్వాత ఒకణ్ణి కొడతాడు చూడండి, వాడు కుప్పకూలాక కూడా ఆపడు. "నేనే ప్రతీకారం" అంటాడు. హాలు ఊగిపోయింది. ఆ వెంటనే, అతను కాపాడిన మనిషే, నేలమీద పడి ఉన్నవాడు, వణుకుతూ "నన్నేం చేయొద్దు, ప్లీజ్" అని వేడుకుంటాడు. విజిళ్ళు అక్కడికక్కడే ఆగిపోయాయి.

ఇంటర్వెల్లో గుంటూరు మావాడు పాప్‌కార్న్ లైన్లో నిలబడి అన్న మాట నాకిప్పటికీ గుర్తుంది. "ఎంట్రీ అదిరింది మామా. కానీ కాపాడినోడే హీరోని చూసి వణికిపోతా ఉంటే నేనెట్టా విజిల్ వేసేది?"

వాడది ఫిర్యాదుగా అన్నాడు. నాకు సినిమా పట్టుకున్నదేమో సరిగ్గా ఆ చోటే. ఇద్దరం ఒకే సీన్ చూశాం, ఇద్దరికీ ఒకటే తట్టింది: ఇతను ఇంకా హీరో కాలేదు. అతను హీరో అయ్యేదాకా దాదాపు మూడు గంటలు ఓపిక పట్టడానికి నేను సిద్ధం, వాడు సిద్ధంగా లేడు. వాడు టికెట్ కొన్నది హీరో గెలుస్తుంటే చూడ్డానికి. అది తక్కువ కోరికని నేననుకోను. వారమంతా సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో నలిగి, మేనేజర్ ముందు నోరు మెదపకుండా పనిచేసిన మనిషికి, తెరమీద ఒకడు తలెత్తుకుని నిలబడితే కలిగే ఆనందం అసలైన ఆనందమే. సీరియస్ సూపర్‌హీరో సినిమా ఆ ఆనందాన్ని చివరిదాకా చేతికివ్వదు. కొన్ని సినిమాలు చివర్లో కూడా ఇవ్వవు. గొడవంతా అక్కడే మొదలవుతుంది.

ఈ సినిమా మాత్రం ఇస్తుందని నా నమ్మకం. క్లైమాక్స్‌లో ముసుగు వేసుకున్న షూటర్లలో ఒకణ్ణి పట్టుకుని ఎవర్రా నువ్వు అని అడిగితే, వాడు కూడా "నేనే ప్రతీకారం" అంటాడు. బ్యాట్‌మ్యాన్ ముఖం చూడండి అప్పుడు. తను చీకట్లో చేసిన పని ఎలాంటివాళ్ళకి స్ఫూర్తి అయిందో ఆ క్షణంలో తెలిసొస్తుంది. ఊరు వరద నీళ్ళలో మునిగిపోతుంటే నీళ్ళలోకి దూకి, చేతిలో ఎర్రగా మండే ఫ్లేర్ పట్టుకుని జనానికి దారి చూపిస్తాడు. ఈసారి అతన్ని చూసి జనం పారిపోరు, వెంట నడుస్తారు. మొదట్లో ఆ ప్లాట్‌ఫాం మీది మనిషి వణికింది గుర్తుంటే ఇక్కడ గుండె నిండిపోతుంది. నాకు నిండింది. మా గుంటూరువాడు "దీనికోసం ఇంతసేపా" అన్నాడు. మధ్యలో మాఫియా డాన్ ఫాల్కనీ చుట్టూ తిరిగే కథ సాగదీశారన్న మాట నేనూ కాదనను. ఒక పావుగంట తగ్గించినా నష్టం ఉండేది కాదు.

ఇక ఫ్యాన్స్ కొట్టుకోవడం ఈనాటిది కాదు. 1988లో మైకేల్ కీటన్‌ని బ్యాట్‌మ్యాన్‌గా తీసుకున్నప్పుడు, కామెడీ నటుడికి ఈ పాత్రేంటని వార్నర్ బ్రదర్స్ స్టూడియోకి సుమారు 50,000 నిరసన ఉత్తరాలు వెళ్ళాయని చెబుతారు. 2006లో ‘ది డార్క్ నైట్’లో విలన్ జోకర్‌గా హీత్ లెడ్జర్ పేరు ప్రకటిస్తే ఇతనా అన్నారు. అతను 2008 జనవరిలో చనిపోయాడు, సినిమా జులైలో వచ్చింది, 2009లో ఆస్కార్ అతని పేరున ఇచ్చారు. 2019లో ఈ ‘ది బ్యాట్‌మ్యాన్’ హీరో రాబర్ట్ ప్యాటిన్‌సన్ వంతు. ‘ట్విలైట్’ ప్రేమకథల కుర్రాడు వద్దంటూ ఆన్‌లైన్‌లో పిటిషన్లు పెట్టారు. తీరా సినిమా ప్రపంచవ్యాప్తంగా దాదాపు 77 కోట్ల డాలర్లు వసూలు చేసింది. చిన్నప్పటి నుంచి మనసులో ఒక బొమ్మ ఉంటుంది కదా, దాన్ని ఎవరైనా కదిలిస్తే భయం వేస్తుంది. ఆ భయమే కోపంగా బయటికొస్తుంది.

చీకటిగా తీసిన ప్రతిదీ నాకు నచ్చుతుందనుకోకండి. 2013 నాటి ‘మ్యాన్ ఆఫ్ స్టీల్’లో సూపర్‌మ్యాన్ విలన్ జాడ్ మెడ విరిచేశాక అరుస్తాడు, ఆ అరుపు నిజంగా కదిలిస్తుంది. కానీ ఆ బాధ తర్వాతి సీన్లలోకి రాదు, సినిమా దాన్ని అక్కడే వదిలేసి ముందుకెళ్ళిపోతుంది. 2016లో బ్యాట్‌మ్యాన్, సూపర్‌మ్యాన్ తలపడ్డ సినిమాలో చీకటి రంగుల్లో ఉన్నంత కథలో లేదనిపించింది. ఈ మాట మా ఆఫీసు క్యాంటీన్‌లో అంటే ఒంగోలు నుంచి వచ్చిన కొలీగ్ ఒకాయనకి కళ్ళలో నీళ్ళు ఒక్కటే తక్కువ. "లోకం తనని నమ్మకపోయినా లోకం కోసం చచ్చిపోయే దేవుడు బాస్ సూపర్‌మ్యాన్, మీకు జోకులు కావాలా?" అన్నాడు. నేనిప్పటికీ ఒప్పుకోను, కానీ ఆయన ఇష్టం ఎంత లోతైనదో ఆరోజు చూశాను. ఈ రెండు సినిమాల దర్శకుడు జాక్ స్నైడరే. అతని ‘జస్టిస్ లీగ్’ని అతను అనుకున్నట్టే చూపించమని, అంటే ‘స్నైడర్ కట్’ కోసం, ఏళ్ళ తరబడి అడిగిన ఫ్యాన్స్, స్నైడర్ కూతురు చనిపోయిన తర్వాత ఆత్మహత్యల నివారణ కోసం పనిచేసే అమెరికన్ సంస్థకి చందాలు పోగుచేసి ఇచ్చారు. 2021లో 242 నిమిషాల ఆ సినిమా వచ్చింది. వాళ్ళలో బూతులు తిట్టేవాళ్ళూ ఉన్నారు, నిజమే. అందరినీ ఒకే గాటన కట్టడం మాత్రం నాకు చేతకాదు.

ఇంకోటి, ఎవరూ పట్టించుకోనిది: మీరు దేనిమీద చూశారు? మా నెల్లూరు ఫ్రెండ్ అదే వారం వేరే హాల్లో చూసొచ్చి, పెంగ్విన్ అనే విలన్ ముఖమే సరిగ్గా కనబడలేదన్నాడు. ఆ పాత్ర వేసిన కాలిన్ ఫారెల్ మేకప్ అంత అద్భుతంగా ఉంటే ముఖం కనబడకపోవడమేంటి! తెరమీద పడే వెలుతురుకి 14 ఫుట్‌ల్యాంబర్ట్‌లని (తెర వెలుతురుని కొలిచే యూనిట్) ఒక ప్రమాణం ఉంది. ప్రొజెక్టర్ ల్యాంపు పాతబడితే వెలుతురు అంతకంటే పడిపోతుంది. మామూలు సినిమాలో ఆ తేడా తెలియదు, గ్రెగ్ ఫ్రేజర్ కెమెరా పనిచేసిన ఇలాంటి చీకటి సినిమాలో మాత్రం నీడలో ఉన్నదంతా నల్లటి ముద్దైపోతుంది. పైగా మన దగ్గర ఇంగ్లిష్ సినిమాకి కూడా ఇంటర్వెల్ వేస్తారు. మేం చూసిన హాల్లో ఒక సీన్ నడుస్తుండగానే టపీమని లైట్లు వేశారు. మెల్లగా బిగుస్తూ వచ్చిన టెన్షన్ సమోసాల దగ్గర సగం చల్లారిపోయింది.

అందుకని మీరు పగలు కిటికీలు తెరిచి పెట్టుకుని చూసుంటే, మీ విసుగులో కొంత భాగం ఆ వెలుతురుదే. ఇంకోసారి చూసే ఓపిక ఉంటే రాత్రి లైట్లు తీసేసి చూడండి. టీవీలో వివిడ్ మోడ్ తీసేసి సినిమా మోడ్‌గానీ ఫిల్మ్‌మేకర్ మోడ్‌గానీ పెట్టండి, కదలికల్ని అతిగా నున్నగా చూపించే మోషన్ స్మూతింగ్ ఆపేయండి. హెడ్‌ఫోన్స్ ఉంటే ఇంకా మంచిది, మైకేల్ జియాకినో సంగీతంలో ఆ బరువైన నాలుగు స్వరాలు వస్తుంటే సగం కథ చెవికే తెలుస్తుంది. 176 నిమిషాలూ ఒక్క ఊపులో కూర్చోలేకపోతే మీకు నచ్చిన చోట ఆపుకోండి, ఇంట్లో ఆ స్వేచ్ఛ ఉంది కదా.

అప్పటికీ నచ్చలేదా, ఈ సినిమాని వదిలేసి 2024లో వచ్చిన ‘ది పెంగ్విన్’ సిరీస్ మొదలుపెట్టండి. అదీ చీకటి ప్రపంచమే, బ్యాట్‌మ్యాన్ కనబడడు. కానీ 8 ఎపిసోడ్లు కాబట్టి పాత్రలకి ఊపిరి తీసుకునే చోటు దొరికింది. మా గుంటూరువాడు దాన్ని రాత్రంతా కూర్చుని చూశాడు, సినిమా మీద అభిప్రాయం మాత్రం ఇసుమంతైనా మార్చుకోలేదు.