బత్కపోయినోడు కాందిశీకుడా?

సందేహం: అయ్యా, నేను వనపర్తి దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెబుతాను. వలసల పాఠం అయిపోయాక, ఊరు విడిచిపోయిన మనవాళ్ల గురించి నాలుగు వాక్యాలు రాయమని పిల్లలకు చెప్పాను. ఒకమ్మాయి బొంబాయి పోయిన తన మేనమామను ‘కాందిశీకుడు’ అని రాసింది. పేపర్లో చూసిందట. ఇంకో పిల్లవాడు ‘మా నాయిన పూనా బత్కపోయిండు’ అని రాశాడు. పాఠంలోని మాట వాడలేదని అర మార్కు తీసేశాను. ఇంటికి వచ్చాక నాకే అనుమానం పట్టుకుంది. వలసదారు, ప్రవాసి, శరణార్థి, కాందిశీకుడు ఇవన్నీ ఒకటేనా? సముద్రంలో పడవ మునిగిన వార్త చదివితే మూడు పేరాల్లో మూడు మాటలు వాడారు. ఇంగ్లీషులో వచ్చినవాడు ఇమ్మిగ్రెంట్, పోయినవాడు ఎమిగ్రెంట్. మనకు ఆ తేడా లేదా? (ఒక ఉపాధ్యాయిని, వనపర్తి జిల్లా)

సమాధానం: అమ్మా, ముందు మార్కు సంగతి. ఆ అర మార్కు పిల్లవాడికి తిరిగి వేసేయండి. మీరు అడిగిన మాటలన్నింటికంటే తేటగా ఉన్న మాట వాడు రాసిందే. ‘బ్రతుకన్’ (బతకడానికి) అనే తుమున్నర్థకం పక్కన ‘పోవు’ చేరితే బ్రతుకపోవు, మన నోట బత్కపోవు. పత్తి ఏరపోయింది, వరి కోయపోయింది అన్నట్టే. ఎందుకు పోయాడో క్రియలోనే ఉంది, మళ్లీ అడగనక్కర లేదు. ‘వలసపోయాడు’ అంటే ఎందుకు పోయాడని అడగాలి. ‘ప్రవాసంలో ఉన్నాడు’ అన్నా అంతే. బత్కపోయినవాడు తిరిగి వస్తాడన్న ధీమా కూడా ఆ మాటలో కొంత ఉంది. మిరుగం (మృగశిర కార్తె) నాటికి వస్తాడు, లేకుంటే పండగకు వస్తాడు. అయితే ఒకటి, ఈ మాటకు సరిహద్దుతో పని లేదు. పూనా పోయినా బత్కపోవుడే, దుబాయి పోయినా బత్కపోవుడే. పరీక్ష పేపరుకు అది చాలదనుకుంటే, పక్కన ‘వలస’ అని కూడా రాయమనండి. కొట్టేయకండి.

ఇక ఆ అమ్మాయి రాసిన కాందిశీకుడు. ఈ మాటంటే నాకు చాలా ఇష్టం, అందుకే దీన్ని చిల్లరగా ఖర్చు చేస్తుంటే బాధేస్తుంది. సంస్కృతంలో ‘కాం దిశం యామి’ అంటే ‘ఏ దిక్కుకు పోదును?’ అని. ఆ ప్రశ్ననే పట్టుకొని, చివర ఒక ప్రత్యయం తగిలించి మనిషికి పేరు పెట్టేశారు. ఏ దిక్కుకు పోవాలో తెలియక పరుగెత్తేవాడు కాందిశీకుడు. అమరకోశం ‘కాందిశీకో భయద్రుతః’ అంది, భయంతో పరుగు తీసినవాడని. దేశాల సరిహద్దులు, పాస్‌పోర్టులు, శిబిరాలు ఏమీ లేని కాలపు మాట ఇది. యుద్ధంలో ఓడి పారిపోతున్న సిపాయికి కూడా సరిపోయేది.

తెలుగులో దీనికి కొత్త జీవం వచ్చింది బర్మా నుంచి. 1941 డిసెంబరులో జపాను విమానాలు రంగూను మీద బాంబులు వేశాయి. 1942 మార్చికల్లా ఊరు చేతులు మారింది. అక్కడ రేవుల్లో, మిల్లుల్లో పనిచేస్తున్న తెలుగువాళ్లు ఓడ దొరికితే ఓడలో, దొరకనివాళ్లు అడవులూ కొండలూ పట్టి నడకన బయల్దేరారు. వాళ్లను మనవాళ్లు బర్మా కాందిశీకులు అన్నారు. విశాఖపట్నంలో ఇప్పటికీ బర్మా క్యాంపు అనే పేట ఉంది. వీళ్లు రంగం (రంగూనును మన పెద్దలు అలాగే అనేవారు) పోయింది బతకడానికే. తిరిగి వచ్చింది మాత్రం కాందిశీకులుగా. పోయినప్పుడు ఒక మాట, వచ్చినప్పుడు ఒక మాట. మనిషి ఒక్కడే, మాటను మార్చింది భయం. బర్మావాళ్లు తెలుగువాళ్లను ‘కోరంగీలు’ అనేవారట, కోరంగి రేవు నుంచి ఓడ ఎక్కేవాళ్లు కనుక. ఎక్కడి కోరంగి, ఎక్కడి పాలమూరు! కానీ ఊరి పేరే కూలీ పేరైపోవడం మనకు కొత్త కాదు. దేశంలో ఏ ఆనకట్ట దగ్గరికి పోయినా ‘పాలమూరు లేబర్’ అంటే మట్టిపని మనిషి అనే అర్థం.

ఆ అమ్మాయి మేనమామ కాందిశీకుడు ఎందుకు కాడో ఇప్పుడు తెలుస్తుంది. ఏ దిక్కు అని ఆయన అడగాల్సిన పనే లేదు. గుంపుమేస్త్రీ అడ్వాన్సు చేతిలో పెట్టిన రోజే దిక్కు తేలిపోయింది. మహబూబ్‌నగర్ బస్టాండులో ‘బొంబాయి బస్సు’ ఎక్కడ ఆగుతుందో కూడా ఆయనకు తెలుసు.

మనం కాందిశీకుడు అనేవాణ్నే తమిళులు ‘అగతి’ అంటారు, గతి లేనివాడని. మన నారాయణపేట దాటి కన్నడ సీమలో అడుగుపెడితే ‘నిరాశ్రిత’, ఆశ్రయం లేనివాడు. ఒకరికి దారి లేదు, ఒకరికి నీడ లేదు, మనకు దిక్కు తెలియదు. 2021లో తమిళనాడు ప్రభుత్వం శ్రీలంక తమిళుల శిబిరాలకు ‘అగతి’ మాట తీసేసి ‘పునరావాస శిబిరాలు’ అని పేరు మార్చింది. వాళ్లు గతి లేనివాళ్లు కారు, మేమున్నాం అన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. మాట మారితే చట్టంలో స్థితి మారదు, నిజమే. అయినా నలభై ఏళ్లుగా ‘గతిలేనివాళ్లు’ అనిపించుకున్నవాళ్లకు ఆ తేడా తెలుస్తుంది.

శరణార్థి దగ్గర చిక్కు ఇంకో రకం. శరణము + అర్థి, అంటే శరణు కోరేవాడు. మన పల్లెల్లో వీరశైవులు ఎదురుపడితే ‘శరణు శరణార్థి’ అనుకుంటారు. అందులో భయం లేదు, వినయం ఉంది. అదే మాటను అంతర్జాతీయ చట్టంలోని రెఫ్యూజీకి పెట్టుకున్నాం. 1951లో జెనీవాలో కుదిరిన ఒడంబడిక ఎవరు రెఫ్యూజీయో లెక్కగా చెప్పింది. జాతి, మతం, జాతీయత, ఫలానా సామాజిక సమూహానికి చెందడం, రాజకీయ అభిప్రాయం, ఈ ఐదింట్లో ఏదో ఒకదాని వల్ల తనను పీడిస్తారన్న ఆధారమున్న భయంతో సొంత దేశం బయట ఉండి, తిరిగి పోలేనివాడు. గమనించండి, ఆ ఐదింట్లో కరువు లేదు. అప్పు లేదు. బోరు ఎండిపోవడం లేదు. దేశం దాటకపోతే అసలు లెక్కలోకే రాడు. మొదట ఆ ఒడంబడిక 1951కి ముందు జరిగిన ఘటనలకే వర్తించేది. 1967 నాటి ప్రోటోకాల్ ఆ గీత చెరిపేసింది. అంత భయం ఉన్నవాణ్ని ఆ భయంలోకే తిప్పి పంపకూడదన్నది ఒడంబడికకు గుండెకాయ.

చిక్కు ఎక్కడంటే, దరఖాస్తు పెట్టుకుని తీర్పు కోసం చూస్తున్నవాడు ఒకడు, తీర్పు వచ్చి రక్షణ దొరికినవాడు ఇంకొకడు. ఇంగ్లీషులో ఈ ఇద్దరికీ వేర్వేరు పేర్లున్నాయి. వ్యుత్పత్తి చూస్తే మన ‘శరణార్థి’ మొదటివాడు, వాడుకలో మాత్రం రెండోవాడు. విభీషణుణ్ని తలచుకోండి. లంక విడిచి వచ్చి, ఇవతలి ఒడ్డున నేల మీద కాలు పెట్టకుండా ఆకాశంలోనే నిలబడ్డాడు. కింద సుగ్రీవుడు ‘వీడు గూఢచారి’ అంటున్నాడు, హనుమంతుడు కాదంటున్నాడు. ఆ చర్చ నడిచినంతసేపూ విభీషణుడు శరణార్థి. రాముడు అభయం ఇచ్చాక శరణాగతుడు. ఈ రెండో మాటను పేపరు భాషలోకి తెమ్మని నేను అనను, మరీ పురాణం వాసన కొడుతుంది. నేనైతే మొదటివాణ్ని ‘శరణు కోరినవాడు’ అనీ, రెండోవాణ్ని ‘శరణార్థి’ అనీ రాస్తాను. ‘రాజకీయ ఆశ్రయం’ అన్న పాత పేపరు మాట కూడా చెడ్డది కాదు.

మన దేశం ఆ ఒడంబడిక మీద సంతకం చేయలేదు. 1959లో వచ్చిన టిబెటన్లకు చోటిచ్చాం, 1971లో తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన సుమారు కోటి మందికి అన్నం పెట్టాం. చట్టంలో మాత్రం శరణార్థి అనే గది లేదు, ‘విదేశీయుడు’ అన్న ఒక్క గదే. 1946 చట్టంలో లేదు, దాని స్థానంలో 2025లో వచ్చిన చట్టమూ ఆ గది కట్టలేదు. కనుక మన దగ్గర ‘శరణార్థి’ నలుగురి నోట నిలబడ్డ మాటే తప్ప చట్టం ఇచ్చిన పట్టా కాదు. హైదరాబాదు బాలాపూర్‌లో ఉండే రోహింగ్యాల వార్తను ఒక పేపరు ‘శరణార్థులు’ అనీ, ఇంకొకటి ‘అక్రమ వలసదారులు’ అనీ రాయడానికి సందు అక్కడే దొరుకుతుంది.

ఇప్పుడు వలస. ఇది అచ్చంగా మన మాట. కన్నడంలో వలసె, తమిళంలో పక్షులు పోయే వలసై దీనికి చుట్టాలు. పాత నిఘంటువులు తీస్తే, శత్రుసేన వస్తోందన్న భయంతో జనం ఇల్లూ వాకిలీ విడిచి పోవడం వలస అని ఉంటుంది. అంటే ఒకప్పటి ‘వలస’ ఇప్పటి ‘శరణార్థి’కి దగ్గర. మా అమ్మమ్మది హుజూర్‌నగర్ దగ్గర పల్లె. ఆమె నోట వలస అన్న మాట ఒక్క సందర్భంలోనే వినేవాణ్ని: ‘రజాకార్లప్పుడు వలసబోయినం’. పొయ్యి మీది గటుక పొయ్యి మీదనే ఉందట, బర్రెను తోలుకొని రాత్రికి రాత్రి జగ్గయ్యపేట దిక్కు నడిచారట. అటు నిజాం రాజ్యం, ఇటు యూనియన్. తర్వాత పాతికేళ్లకు మా మేనమామ పని కోసం హైదరాబాదు పోతే మాత్రం ఆమె వలస అనలేదు. ‘పట్నం బత్కబోయిండు’ అంది. నిఘంటువులు ఎరగని ఆమెకు ఈ రెంటి తేడా ఎంత బాగా తెలుసో చూడండి.

క్రమంగా వలస నుంచి భయం జారిపోయింది, కదలిక మిగిలింది. శ్రీకాకుళం, విజయనగరం దిక్కు ఊళ్ల పేర్లే వలసలు, కొత్తవలస రైల్వే జంక్షను మీరు వినే ఉంటారు. ఆ తర్వాత తెల్లవాడి కాలనీకి కూడా మనవాళ్లు ఇదే మాట తగిలించి వలసరాజ్యం, వలసపాలన అన్నారు. తుపాకీతో వచ్చి దేశం ఆక్రమించినవాడికీ, తట్టాపారతో పోయినవాడికీ ఒకే మాట! పిల్లలు తికమక పడితే తప్పు వాళ్లది కాదు. ‘వలసదారు’లోని ‘దారు’ పారసీకం, కలిగినవాడు అని అర్థం. జాగీర్దారుకు జాగీరు, పట్టాదారుకు పట్టా. వలసదారుకు ఉన్నదేమిటంటే పోవడమే. మాట స్థిరపడిపోయింది కనుక వాడుకోవచ్చు. నేను మాత్రం వీలైనచోట ‘వలసవచ్చినవాళ్లు’ అంటాను.

దానితో మీ ఇమ్మిగ్రెంట్, ఎమిగ్రెంట్ ప్రశ్న కూడా తీరిపోతుంది. ఇంగ్లీషువాడు నామవాచకం ముందు అక్షరాలు మార్చి చెప్పే తేడాను మనం క్రియతో చెబుతాం. వలసపోవు, వలసవచ్చు. చెప్పేవాడు ఏ గట్టున నిలబడ్డాడో దాన్ని బట్టి పోవు, వచ్చు. పాలమూరు పేపరు ‘పోయారు’ అనాలి, పూనా పేపరు ‘వచ్చారు’ అనాలి. ఏటేటా తిరిగే మనవాళ్లకు మూడోది కూడా ఉంది, ‘పోయొచ్చేటోళ్లు’. దానికి ఇంగ్లీషులో రెండు మూడు మాటలు పేర్చాలి.

ప్రవాసి గురించి కొంచెం కోపంగానే చెబుతాను. అర్థానికి వస్తే, ఇల్లు విడిచి దూరాన ఉండేవాడు. మన అలంకారశాస్త్రంలో ప్రోషితభర్తృక అనే నాయిక ఉంది, భర్త ప్రవాసం పోయిన ఇల్లాలు. ఆ ప్రోషితకూ, ఈ ప్రవాసానికీ ధాతువు ఒకటే. ఆ లెక్కన కోస్గి దిక్కు, మక్తల్ దిక్కు ముసలివాళ్లనూ పిల్లలనూ పెట్టుకొని ఉన్న ఆడవాళ్లంతా ప్రోషితభర్తృకలే. కానీ వాడుకలో ఏమైంది? నల్లగొండ నుంచి డాలస్ పోయి ప్రోగ్రాములు రాసేవాడు ప్రవాసి. నల్లగొండ నుంచే దుబాయి పోయి గోడ కట్టేవాడు వలసజీవి. ఇద్దరూ విమానమే ఎక్కారు, ఇద్దరూ వీసా మీదే ఉన్నారు, ఇద్దరూ ఇంటికి డబ్బు పంపుతున్నారు. మాటను జీతం చూసి పంచారన్నమాట! 2003 నుంచి జనవరి 9న జరిపే ప్రవాసీ భారతీయ దివస్ పేరులో ఇద్దరికీ చోటుంది. మన పేపరు శీర్షికల్లోనే లేదు. ఇద్దరినీ ప్రవాసులు అనండి, లేదా ఇద్దరినీ వలసపోయినవాళ్లు అనండి.

గల్ఫుకు పోయేవాళ్లు మనకంటే కరీంనగర్, నిజామాబాద్ దిక్కు ఎక్కువ. వాళ్లు తెచ్చిన మాట ఒకటి చెప్పకుండా ఉండలేను. కఫీల్ (వీసాకు పూచీ ఉన్న అక్కడి యజమాని) దగ్గర పని వదిలేసి, కాగితాలు లేకుండా బయట తిరిగేవాణ్ని వాళ్లు ‘ఖల్లివల్లి అయిండు’ అంటారు. అరబ్బీలో అది ‘పోనీ, వదిలెయ్’ అనే ఊతపదం. ‘అక్రమ వలసదారు’ అంటే మనిషే అక్రమం అన్నట్టుంది. ఖల్లివల్లి అంటే కాగితం తెగిందని మాత్రమే. పేపరుకు ‘కాగితాలు లేనివారు’ చాలు.

శ్రీశైలం జలాశయంలో ఊళ్లు మునిగినవాళ్లు వీళ్లెవరిలోనూ చేరరు, వాళ్లు నిర్వాసితులు. సరిహద్దు దాటలేదు, శత్రువు తరమలేదు, ప్రభుత్వమే ఖాళీ చేయించింది. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. జీవో 98 (నిర్వాసితుల కుటుంబాలకు ఉద్యోగాలిస్తామన్న ప్రభుత్వ ఉత్తర్వు) కింద ఉద్యోగం కోసం మనుషులు మాత్రం కొల్లాపూర్ దిక్కు ఎన్నో ఏళ్లు తిరిగారు.

పడవ వార్తకు వస్తే, పడవలో ఎవరున్నారో విలేకరికి తెలియదు. యుద్ధం నుంచి పారిపోయినవాడూ, పని వెతుక్కుంటూ బయల్దేరినవాడూ ఒకే పలక మీద కూర్చొని ఉండొచ్చు. తేలేదాకా ‘పడవలోనివారు’ అని రాస్తే కొంపలు మునగవు.

చివరగా రెండు చిన్న దిద్దుబాట్లు, మీ ఉత్తరంలోవి కావు, పిల్లల నోటుపుస్తకాల్లో తరచూ కనిపించేవి. ‘కాందీశీకుడు’ తప్పు, ‘కాందిశీకుడు’ ఒప్పు, దిశలోని ‘ది’ పొట్టిదే కనుక. ‘వలస కూలి’ అని మనిషిని రాయకండి. కూలి అంటే పనికి ఇచ్చే డబ్బు, కూలీ అంటే పనిచేసే మనిషి. కూలి దొరకలేదు అంటే మేస్త్రీ డబ్బు ఎగ్గొట్టాడని, కూలీ దొరకలేదు అంటే మనుషులంతా బొంబాయి బస్సు ఎక్కేశారని.