ముప్పై దాటాక కూడా ఫుట్‌బాల్ స్ట్రైకర్ (గోల్స్ కొట్టడమే పనైన ఆటగాడు) మెరుగవుతాడా? అరిత్స్ అదూరిస్ కెరీర్ ఏం చెబుతుంది?

అవుతాడు. స్పెయిన్ ఆటగాడు అదూరిస్ అందుకు మంచి ఉదాహరణ. ఉత్తర స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతంలో పుట్టిన లేదా అక్కడ ఆట నేర్చుకున్నవాళ్లనే ఆడించే అథ్లెటిక్ బిల్బావో క్లబ్ అతణ్ని వదులుకుంది. మయోర్కా, వాలెన్సియా క్లబ్‌లలో ఆడి, 2012లో 31 ఏళ్ల వయసులో మళ్లీ అక్కడికే చేరాడు. అసలు ఆట అప్పుడే మొదలైంది. 2015-16 సీజన్‌లో అన్ని టోర్నీల్లో కలిపి 36 గోల్స్ కొట్టాడు. 2016 నవంబరులో బెల్జియం క్లబ్ గెంక్‌పై 5-3తో గెలిస్తే ఐదూ అతనివే! వేగం కన్నా గాల్లోకి ఎగిరి తలతో కొట్టడం, డిఫెండర్ కన్నా ముందే బంతి ఎక్కడ పడుతుందో పసిగట్టడం అతని బలం; వయసు అంత తొందరగా లాక్కోలేని విద్యలివి.

నాకైతే 2019 ఆగస్టు గోలే అన్నిటికన్నా ఇష్టం. బార్సిలోనాతో మ్యాచ్, స్కోరు 0-0. చివర్లో సబ్‌స్టిట్యూట్‌గా దిగి, 89వ నిమిషంలో గాల్లో వెల్లకిలా తేలుతూ బంతిని నెట్‌లోకి తన్నాడు. అప్పటికి వయసు 38. తుంటి దెబ్బతినడంతో 2020 మేలో ఆట మానేశాడు.