ఫైలు సైజు ఉంది, వీడియో రావడం లేదు: మా నాన్న రిటైర్మెంట్ రోజు సంగతి

"ఫోన్లో తీసిన ఎంపీ4 ఫైలు సైజు చూపిస్తోంది గానీ ప్లే కావడం లేదు, చివర ఏవీఐ అని పేరు మారిస్తే తెరుచుకుంటుందా?" అని అడిగారు. తెరుచుకోదు. ఆ పని ఆపి ముందు ఇది చదవండి. 2014లో ఇదే కష్టం మా ఇంటికొచ్చింది.

మా నాన్న ఆర్టీసీలో కండక్టరు. రిటైరైన రోజు డిపోలో చిన్న సభ పెట్టారు. ఇంట్లోనే నాలుగు మాటలు కలిపి మాట్లాడని మనిషి, ఆ రోజు మైకు పట్టుకుని నైట్ అవుట్ డ్యూటీల గురించి, నేను పుట్టిన రాత్రి తాను బస్సులో ఉండిపోవడం గురించి, అమ్మ ఒక్కతే ఎలా నెట్టుకొచ్చిందో చెప్పారు. నేను ఫోన్లో తీస్తున్నాను. పద్నాలుగు నిమిషాలు అయ్యాయో లేదో, దండలు వేయడానికి జనం తోసుకొచ్చారు. ఫోన్ కింద పడి, వెనక మూత ఊడి, బ్యాటరీ ఎగిరిపోయింది.

రాత్రి చూస్తే కార్డులో ఫైలుంది. 1.2 జీబీ. నొక్కితే ప్లే కాదు. బాబాయ్ కొడుకు మీలాగే పేరు మార్చి చూశాడు. నెట్ సెంటర్లో కన్వర్టర్ పెట్టారు, అదీ తీసుకోలేదు. రికవరీ షాపతను ఎనిమిది వేలు అడిగి, "కార్డు ఫార్మాట్ చేసి తీస్తా" అన్నాడు. కార్డు లాక్కుని బయటికొచ్చేశాను. ఉన్న ఫైలును కళ్లతో చూస్తూ ఫార్మాట్ మాట ఎత్తేవాడి చేతికి ఎవరూ కార్డు ఇవ్వకండి.

అసలు సంగతి ఏమిటంటే, ఎంపీ4 అనేది వీడియో కాదు, ఒక పెట్టె. అందులో మళ్లీ చిన్న పెట్టెలు. "ఎండాట్" అనే దాంట్లో బొమ్మ, శబ్దం కుక్కి ఉంటాయి. "మూవ్" అనే దాంట్లో లెక్క ఉంటుంది: ఏ ఫ్రేము ఎక్కడ మొదలవుతుంది, ఎంత సైజు, ఏ క్షణానికి చూపించాలి, ఏ కోడెక్‌తో, అంటే బొమ్మనీ శబ్దాన్నీ కుదించి మళ్లీ విప్పే ఏ పద్ధతితో విప్పాలి. మామూలుగా ఫోన్లు ఆ లెక్కను రికార్డింగ్ ఆపినప్పుడే రాస్తాయి. బ్యాటరీ ఊడితే సరుకు మిగులుతుంది, లెక్క పోతుంది.

ఇది నాన్నకి చెబితే, "అంటే సంచిలో డబ్బులున్నాయి, ఎస్ఆర్ రాయలేదన్నమాట" అన్నారు. టికెట్ల లెక్క స్టేజీ స్టేజీకీ ఎస్ఆర్‌లో రాసిన మనిషి కదా, నాకు రెండు రోజులు పట్టింది ఆయనకి ఒక్క నిమిషంలో అర్థమైంది.

పేరు మారిస్తే పని చేస్తుందనే నమ్మకం ఎక్కడిదో కూడా చెబుతాను. ఎంపీ4ను ఆపిల్ వాళ్ల క్విక్‌టైమ్ పద్ధతి మీద కట్టారు, 2003లో విడి ప్రమాణంగా వచ్చింది. అందుకే ఆ క్విక్‌టైమ్ రకం ఎంఓవీ ఫైలుకు ఎంపీ4 అని పేరు పెడితే చాలాసార్లు ఆడుతుంది. లోపలి కట్టుబడి దాదాపు ఒకటే మరి. ఏవీఐ అలా కాదు, 1992 నాటి మైక్రోసాఫ్ట్ పద్ధతి, దాని అమరికే వేరు. పేరు మార్చడమంటే బస్సుకు బోర్డు మార్చడమే, రూటు మారదు.

ఇంకో బాధ కూడా చెప్పుకోవాలి. "ఎంపీ4లో ఇచ్చాం సార్" అని చేతులు దులుపుకునే పెళ్లి వీడియోల వాళ్లు, లోపల ఏ కోడెక్ పెట్టారో ఒక్క ముక్క చెప్పరు. హెచ్.265 అనే కొత్త కోడెక్‌లో ఇచ్చేస్తారు, పాత టీవీలో శబ్దం వస్తుంది, బొమ్మ రాదు. ఇంట్లో పెద్దవాళ్లు టీవీ పాడైందనుకుని మెకానిక్‌ను పిలుస్తారు. దానికంటే పాతదైన హెచ్.264లో ఇంకో కాపీ అడిగి తీసుకోవడం మన హక్కు. వాట్సాప్‌లో పంపితే మాత్రం డాక్యుమెంటుగా పంపమనండి, వీడియోగా పంపితే సైజు తగ్గించి బొమ్మను నలిపేస్తుంది.

మా ఫైలు సంగతికి వస్తే, ముందు దాన్ని కంప్యూటర్లోకి కాపీ చేసి, కాపీ మీదే పని చేశాను. అన్‌ట్రంక్ అని ఉచితంగా దొరికే ప్రోగ్రాం ఉంది. దానికి అదే ఫోన్‌తో, అదే సెట్టింగుల్లో తీసిన మంచి వీడియో ఒకటి చూపించాలి. అందులోని లెక్క ఎలా ఉందో చూసి, పాడైన దానికి కొత్త లెక్క కడుతుంది. పెరట్లో జామచెట్టును ఒక నిమిషం తీసి ఇచ్చాను. మొదటిసారి 1080 రిజల్యూషన్‌లో (బొమ్మ సైజు) తీశాను, కుదరలేదు. సభ తీసింది 720లో అని గుర్తొచ్చి మళ్లీ తీస్తే వచ్చింది. చివర్లో పెదవులకు మాట కొంచెం వెనకపడింది, అంతే. అమ్మ గురించి చెప్పిన ముక్క మొత్తం వచ్చింది. అమ్మ ఆ రాత్రి మూడుసార్లు పెట్టించుకుంది.

మీరు ఆ వీడియో ఉన్న మెమరీ కార్డు మీద ఇంకేమీ తీయకుండా ఫోన్లోంచి ఇప్పుడే బయటికి తీసేయండి. అదే ఫోన్‌తో, వేరే కార్డు మీద, అదే రిజల్యూషన్‌లో ఒక నిమిషం వీడియో తీసి ఉంచండి. ఫోన్ మోడల్, ఫైలు సైజు ఇక్కడ రాస్తే తర్వాత ఏం చేయాలో చెబుతాను.