గిన్నెలో గోల్డ్‌ఫిష్‌లు ఎందుకు చనిపోతున్నాయి?

ప్రశ్న: గుండ్రటి గాజు గిన్నెలో రెండు గోల్డ్‌ఫిష్‌లు పెంచుతున్నాం. వారానికోసారి నీళ్లన్నీ పారబోసి, గులకరాళ్లతో సహా కడుగుతున్నాం. అయినా నెల తిరక్కుండానే చేపలు చనిపోతున్నాయి. ఈసారి పెద్ద తొట్టి పెట్టాలనుకుంటున్నాం. ఎత్తైనదా, మొక్కలు పెంచేదా, ఉప్పునీటిదా? ఏది మేలు?

జవాబు: మీరు అంత శ్రద్ధగా కడగడమే చేపల ప్రాణం మీదికి తెస్తున్నట్టుంది. చేపల మొప్పల నుంచీ, కుళ్లిన మేత నుంచీ అమ్మోనియా వస్తుంది. దాన్ని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా, మరో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ చేపలకు విషం. నైట్రేట్‌తో అంత ప్రమాదం లేదు. ఈ బ్యాక్టీరియా రాళ్లకూ, ఫిల్టర్ స్పాంజికీ అంటుకుని బతుకుతాయి. రాళ్లు కడిగినప్పుడల్లా అవీ పోతున్నాయి. మిగిలినవాటిని కుళాయి నీటిలోని క్లోరిన్ దెబ్బతీస్తుంది.

గిన్నె మానేయండి. ఎత్తైన తొట్టి కన్నా పొడవైనదే మంచిది, నీటి పైభాగం వెడల్పుగా ఉంటేనే ఆక్సిజన్ బాగా అందుతుంది. 60×30×30 సెంటీమీటర్ల తొట్టిలో 54 లీటర్లు పడతాయి. రాళ్లు, గాజుతో కలిపి బరువు 60 కిలోలు దాటుతుంది కాబట్టి బల్ల గట్టిగా, సమతలంగా ఉండాలి. గోల్డ్‌ఫిష్‌లు బాగా ఎదుగుతాయి, ఎక్కువ మలినం వదులుతాయి. రెండింటికి ఇదీ చాలదు, 100 లీటర్లు దాటిన తొట్టి కావాలి. చిన్న తొట్టికి గప్పీలు, ప్లాటీలు లాంటి చిన్న చేపలు నయం.

గప్పీలతో మొదలుపెడితే మొక్కల తొట్టే పెట్టమంటాను. మొక్కలు అమ్మోనియానూ నైట్రేట్‌నూ పీల్చుకుంటాయి. అనూబియాస్, జావా ఫెర్న్ తక్కువ వెలుతురులోనూ పెరుగుతాయి. వాటి కాండాన్ని పాతిపెట్టకండి, కుళ్లిపోతుంది. రాయికి కట్టండి. దీపం రోజుకు 6–8 గంటలు చాలు, మించితే పాచి పడుతుంది. ఉప్పునీటి తొట్టి ఇప్పుడే వద్దు. లీటరుకు సుమారు 35 గ్రాముల లవణం నిలకడగా ఉండాలి. నీరు ఆవిరైనా ఉప్పు మిగిలిపోతుంది గనుక రోజూ మంచినీటితో ఆ లోటు పూడ్చాలి.

కొత్త తొట్టిలో వెంటనే చేపలు వేయకండి. ఫిల్టర్ నడుపుతూ, చిటికెడు మేత వేస్తూ 4–6 వారాలు ఆగండి. ఆ మేత కుళ్లి వచ్చే అమ్మోనియాతోనే బ్యాక్టీరియా పెరుగుతాయి. ఆపై నీటి పరీక్ష కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా వచ్చాక కొద్ది చేపలతో మొదలుపెట్టండి. ఆపై వారానికి పావు వంతు నీరు మార్చండి. కొత్త నీటిలో క్లోరిన్ విరుగుడు మందు తప్పనిసరి. స్పాంజిని కుళాయి కింద కాక, తొట్టి నుంచి తీసిన నీటిలోనే పిండండి. ఫిల్టర్‌ను రాత్రిళ్లూ ఆపకండి. మేత రెండు నిమిషాల్లో తినేంతే వేయండి.

చేపలు పైకొచ్చి నోరు తెరుస్తుంటే ఆ రోజు మేత ఆపి, క్లోరిన్ తీసిన నీటితో వెంటనే సగం మార్చండి.