హాల్‌టికెట్ ఆపారు, స్కాలర్‌షిప్ రాలేదు... చట్టం ఏమిస్తుంది?

ప్రశ్న: మాది రేణిగుంట దగ్గర పల్లె. మా అబ్బాయికి చూపు చాలా తక్కువ, సదరం వైకల్య సర్టిఫికెట్‌లో 75 శాతం రాసినారు. పింఛను 6 వేలు వస్తోంది. తిరుపతిలో ప్రైవేటు కాలేజీలో డిగ్రీ మూడో ఏడు. ఆటో తోలే మా ఆయన పోయినేడు చనిపోయినారు. బాకీ 22 వేలు కడితేనే హాల్‌టికెట్ అంటున్నారు. కేంద్రం స్కాలర్‌షిప్‌కు అప్లై చేసినాం, రాలేదు. ఫోనుకు మెసేజ్ వస్తే బ్యాంకోళ్లదేమో అనుకున్నాం. మొదటి ఏడు క్లర్కు, స్కాలర్‌షిప్ వచ్చినాక తిరిగిస్తామని 15 వేలు తీసుకున్నాడు. రశీదు లేదు. ఒక ఆయప్ప 12 వేలిస్తే నూరు శాతం సర్టిఫికెట్ తెస్తా, పింఛను 15 వేలవుతుంది అంటున్నాడు. ఇట్లాంటి బిడ్డలకు అర్జంటుగా దుడ్లిచ్చే చట్టం ఏదైనా ఉందా?
- ఒక తల్లి

జవాబు: అర్జంటు అని చెప్పి హక్కుగా డబ్బు రాబట్టుకునే సెక్షన్ 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో లేదమ్మా. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లి అర్జీ ఇవ్వండి. అయితే అక్కడ దొరికే సాయం కలెక్టర్ విచక్షణ. మీరు గట్టిగా అడగగలిగింది స్కాలర్‌షిప్‌నే. ఆ దరఖాస్తు ఎక్కడ ఆగిందన్న దాని మీదే మీ కేసంతా ఉంది.

మీరు పంపిన పోర్టల్ ప్రింటు చూశాను. కాలేజీ పరిశీలన దగ్గర పెండింగ్ ఉంటే తప్పు కాలేజీదని నిలదీసేవాళ్లం. కానీ అందులో 'డిఫెక్టివ్' అని ఉంది. అంటే సరిదిద్దమని మీకే తిప్పి పంపారు. మీ అబ్బాయిది తాత్కాలిక సర్టిఫికెట్. దాని గడువు మార్చిలో ముగిస్తే, అక్టోబరులో అదే కాగితం అప్‌లోడ్ చేశారు. మీరు బ్యాంకుదనుకున్న మెసేజ్‌ ఇదే. ఫోన్‌లో టాక్‌బ్యాక్ (తెర మీది అక్షరాలు చదివి వినిపించేది) పెట్టుకుని పాఠాలు వినే పిల్లవాడికి ఆ ఒక్క మెసేజ్ వినిపించి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. ఈ అజాగ్రత్తకు ఏ కోర్టూ కాలేజీని తప్పుపట్టదు. దిద్దుబాటు గడువు ఇంకా ఉందేమో ఇవాళే లాగిన్ అయి చూడండి. సచివాలయంలో సదరం స్లాట్ బుక్ చేయించి, ఆ రశీదు దాచుకోండి.

చూపులేని బిడ్డ కదా, కోర్టులో దావా గడువు దాటినా చూసీచూడనట్లు పోతారనే నమ్మకం వదులుకోండి. కాలపరిమితి చట్టం 1963లోని 6వ సెక్షన్ అదనపు సమయం ఇచ్చేది మైనర్లకు, మతిస్థిమితం లేనివారికి. చూపు లేకపోవడం ఆ లెక్కలోకి రాదు. కాబట్టి క్లర్కు తీసుకున్న 15 వేల కోసం దావా వేయడానికి మూడేళ్లే అనుకోండి. డబ్బు ఇచ్చిన రోజు నుంచే లెక్కపెట్టుకుంటే ఏ వాదనకూ చిక్కరు. ఆ మొత్తం నగదుగా ఇచ్చారో ఫోన్‌పేలో పంపారో మీరు రాయలేదు. ఫోన్‌పే అయితే బ్యాంకులో ఆ నెల స్టేట్‌మెంట్ తీయించండి. క్లర్కు సొంత నంబరుకు వెళ్లినా అది సాక్ష్యమే. నగదైతే, తిరిగిస్తామన్న మాటను గుర్తుచేస్తూ కాలేజీకి ఇప్పుడే రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం రాయండి.

ఇక ఆ దళారి. అతన్ని మళ్లీ గడప తొక్కనివ్వకండి. 15 వేల పింఛను మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన వారికి ఇచ్చేది, చూపు సమస్యకు శాతం పెంచినంత మాత్రాన రాదు. అంటే మీ 12 వేలు ముందే పోయినట్టు. అంతకంటే పెద్ద ప్రమాదం 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 91వ సెక్షన్. దివ్యాంగులకు ఉద్దేశించిన ప్రయోజనాన్ని మోసంతో పొందినా, పొందడానికి ప్రయత్నించినా రెండేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. సర్టిఫికెట్ మీ అబ్బాయి పేరు మీద ఉంటుంది కాబట్టి కేసూ అతని మీదే. 2025లో పింఛనుదారుల సర్టిఫికెట్లను ప్రభుత్వం మళ్లీ తనిఖీ చేయించింది. దొరికితే ఇప్పుడొస్తున్న 6 వేలు పోతాయి, రేపు ఉద్యోగం దరఖాస్తులో క్రిమినల్ కేసు రాయాల్సి వస్తుంది. నిజంగా అర్హత ఉన్న పిల్లవాణ్ని చేతులారా ముద్దాయిని చేయకండి.

హాల్‌టికెట్ సంగతి అన్నిటికంటే ముందు చూడాలి. పరీక్ష అయిపోయాక కోర్టుకు వెళితే అడగడానికేమీ మిగలదు. ప్రిన్సిపాల్‌కు అర్జీ రాయండి: తండ్రి మరణ ధ్రువపత్రం, సర్టిఫికెట్, స్లాట్ రశీదు జతచేసి, బాకీ వాయిదాల్లో కడతామని, పరీక్షకు అనుమతించమని అడగండి. రాసిపెట్టే స్క్రైబ్‌ను, అదనపు సమయాన్ని కూడా అందులోనే అడగండి. ఒక నకలు యూనివర్సిటీ రిజిస్ట్రార్‌కు పంపండి. రెండు మూడు రోజుల్లో జవాబు రాకపోతే తిరుపతి కోర్టు ప్రాంగణంలోని న్యాయసేవా కమిటీకి వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. వైకల్యం ఉన్నవారికి ఆదాయ పరిమితితో పనిలేకుండా లాయర్‌ను ఉచితంగా ఇస్తారు. హాల్‌టికెట్ కోసం హైకోర్టులో రిట్ వేయాల్సి వచ్చినా ఆ సాయం అందుతుంది. రిట్‌లో జడ్జిగారు మొదట అడిగేది కాలేజీకి మీరు ఎప్పుడు, ఏమని రాసిచ్చారని. అందుకే అర్జీ రెండో కాపీ మీద స్టాంపు, తేదీ, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోకుండా ఆఫీసు నుంచి కదలకండి. వాళ్లు తీసుకోం అంటే అదే రోజు రిజిస్టర్డ్ పోస్టులో పంపి, ఆ రశీదు పెట్టుకోండి.